వాలియంట్ టగ్గు నమూనా: తిరుపతి తొట్టిలో మొరాయిస్తే

అమెరికా నావికాదళానికి 2009 నుంచి చేరిన వాలియంట్ తరగతి టగ్గుల (పెద్ద ఓడలను నెట్టే, లాగే చిన్న పడవల) డిజైను మూలం బయటిది. కెనడాకు చెందిన రాబర్ట్ అలెన్ సంస్థ సింగపూర్ రేవు పనికోసం తీర్చిన జెడ్-టెక్ డిజైనును తమ అవసరానికి మార్చుకుని అమెరికాలోని టకోమాలో కట్టించారు. పొడవు సుమారు 27 మీటర్లు. 1:50 కొలతలో చేసే చిన్న నమూనా దాదాపు 55 సెంటీమీటర్లే కాబట్టి తిరుపతి ఇంజనీరింగ్ విద్యార్థుల ప్రాజెక్టుకు, మిద్దె మీది తొట్టికి సరిపోతుంది. చిక్కంతా దీన్ని చుక్కాని ఉన్న మామూలు పడవగా భావించడంతోనే మొదలవుతుంది. దీనికి చుక్కాని లేదు. వెనుక అడుగున ఉన్న, ప్రొపెల్లర్ బిగించిన రెండు డ్రైవులే చుట్టూ 360 డిగ్రీలు తిరుగుతూ నెడతాయి.

పక్కకు ఒరుగుతోంది

బ్యాటరీ ఎత్తులో ఉంది. అడుగుకు, నడిమధ్యకు దించండి. బరువును పొడవుతో లెక్కించకండి, కొలత ఘనంతో (50×50×50) లెక్కించండి: అసలు పడవ 500 టన్నులైతే 1:50 నమూనా 4 కిలోలే.

ముందుకు పొమ్మంటే గిరగిరా తిరుగుతోంది

ఒక మోటారు తీగలు తారుమారయ్యాయి. నమూనాను పైకెత్తి, ఒక్కో ప్రొపెల్లర్ వెనుక పలచని కాగితం ముక్క పట్టండి. రెండూ ఒకే వైపుకు ఊగాలి. రెండు మూడు సెకన్లు చాలు, పొడిగా తిప్పితే సీలు కాలిపోతుంది.

డ్రైవు సగం తిరిగి ఆగిపోతోంది

డ్రైవును కావలసిన కోణానికి తిప్పే చిన్న మోటారు సర్వో. చవక సర్వో దాదాపు 180 డిగ్రీలే తిరుగుతుంది. కొత్తది కొననక్కరలేదు. సర్వోకు పెద్ద పళ్ళచక్రం, డ్రైవుకు అందులో సగం పళ్ళున్న చిన్నది బిగిస్తే 360 వస్తుంది.

మోటారు హోరెత్తుతోంది, లాగుడు లేదు

ఎక్కువమంది మోటారును తిట్టుకునేది ఇక్కడే. గట్టుకు తాడు కట్టి, మధ్యలో స్ప్రింగు త్రాసు తగిలించి చూడండి. ముల్లు మొదట పైకి లేచి, కాసేపటికి కిందికి జారితే తప్పు తొట్టిది. వెనక్కి చిమ్మిన నీళ్ళు గోడకు కొట్టుకుని, తొట్టి చుట్టూ తిరిగి ముందు నుంచి ప్రొపెల్లర్‌లోకే దూసుకొస్తాయి. అలా పరుగెత్తి వచ్చే నీటి మీద దానికి పట్టు తక్కువ. నిజమైన టగ్గుల లాగుడు పరీక్షకు లోతైన, విశాలమైన నీళ్ళు, పొడవైన తాడు కావాలనేది ఇందుకే. చంద్రగిరి వైపు తోటల్లోని నీటికుంటలు దీనికి బాగుంటాయి, యజమానిని అడిగి వెళ్ళండి. కపిలతీర్థం కోనేరు జోలికి మాత్రం పోవద్దు, అది భక్తుల స్నానానికి.

ముల్లు మొదటి నుంచీ లేవకపోతే ప్రొపెల్లర్ చుట్టూ ఉన్న గొట్టాన్ని చూడండి. 1930లలో జర్మనీకి చెందిన లుడ్విగ్ కోర్ట్ అభివృద్ధి చేసిన ఈ నాజిల్‌కు వెడల్పు మూతి నీళ్ళు లోపలికొచ్చే వైపు ఉండాలి. తిరగేసి అతికించిన నమూనాలకు కొదవ లేదు.

లాగుతూ బోల్తా పడింది

తాడును క్యాబిన్ పైకప్పుకు కట్టి ఉంటారు. పక్కకు లాగినప్పుడు ఎత్తులోని ముడి పడవను పడదోస్తుంది. అసలు టగ్గులనూ ముంచే ప్రమాదమిది. ముందు డెక్కు మీది వించి (తాడు చుట్టే యంత్రం) నుంచి, వీలైనంత కిందుగా తాడు తీయండి. లాగేటప్పుడు డ్రైవులున్న వెనుక భాగమే ముందు నడవాలి.

రేడియో తెగిపోతోంది

2.4 గిగాహెర్ట్జ్ సంకేతం నీటిలోంచి సాగదు. రిసీవర్ యాంటెన్నాను నీటిమట్టానికి పైన, నిలువుగా పెట్టండి. చివరగా బ్యాటరీ సంగతి: మే నెల ఎండలో బ్యాటరీని మిద్దె మీద వదలకండి. ఉబ్బిన బ్యాటరీని మళ్ళీ ఛార్జి చేయనే వద్దు.