రివీల్, డిస్‌క్లోజ్: ఏది ఎక్కడ వాడాలో వాటి పుట్టుకను బట్టి తెలుసుకోవడం ఎలా

బెంగళూరులో కొత్తగా ఉద్యోగంలో చేరే తెలుగువారు మొదటి రోజుల్లో సంతకం పెట్టే కాగితాలలో, కంపెనీ విషయాలు బయటపెట్టబోమని ఒప్పుకునే నాన్‌డిస్‌క్లోజర్ అగ్రిమెంట్ ఒకటి. ఎన్‌డీఏ అని పొట్టిగా పిలిచే ఆ ఒప్పందంలో ప్రధానంగా కనిపించే క్రియ ‘డిస్‌క్లోజ్’. అదే కంపెనీ కొత్త ఉత్పత్తిని వేదిక మీద చూపించే రోజున మాత్రం అందరి నోటా ‘రివీల్’ వినిపిస్తుంది. తెలుగులో రెండింటికీ ‘వెల్లడించడం’ అనే చెప్పుకుంటాం కాబట్టి తేడా ఏముందిలే అనిపించడం సహజమే. అయితే మెయిల్‌లోనో, ఇంటర్వ్యూలోనో, బీమా దరఖాస్తులోనో ఒకదాని చోట రెండోది పడితే వాక్యం అర్థమవుతుంది గాని, ఎక్కడో పొసగనట్టుగా ఉంటుంది. ఈ రెండింటి తేడా పట్టుబడాలంటే వాటి పుట్టుక తెలుసుకోవడమే అన్నిటికన్నా దగ్గరి దారి అని నా నమ్మకం.

ముందుగా రివీల్ సంగతి చూద్దాం. లాటిన్‌లో ‘వేలుమ్’ అంటే తెర లేదా ముసుగు. దాని నుంచి వచ్చిన ‘రెవేలారే’ అనే క్రియకు ముసుగు తొలగించడం అని అర్థం. అది పాత ఫ్రెంచి మీదుగా 14వ శతాబ్దం చివరి భాగంలో ఇంగ్లిష్‌లోకి వచ్చింది. రీచార్జ్, రీఫిల్ వంటి మాటలు రోజూ వింటాం కాబట్టి ‘రి’ అనగానే ‘మళ్లీ’ అనే అర్థం తోస్తుంది. ఇక్కడ అది పొరపాటు. ఈ ‘రి’కి వెనక్కి తీయడం, కప్పిన దాన్ని విప్పడం అని అర్థం. ముసుగుకు ఇంగ్లిష్‌లో వాడే ‘వెయిల్’ కూడా వేలుమ్ బిడ్డే. మన ఇళ్లలో అమ్మలు, పెద్దమ్మలు వేసవిలో కట్టే వాయిల్ చీర పేరు సైతం ఫ్రెంచి ద్వారా అదే మూలం నుంచి వచ్చింది. చిక్‌పేట దుకాణంలో వాయిల్ చీర మడత విప్పి, ఒక పొరను అరచేతి మీద పరచి చూడండి. బట్ట కింద చేతి గీతలు లీలగా కనిపిస్తూనే ఉంటాయి, పొర తీయగానే స్పష్టమవుతాయి. రివీల్‌లో ఉన్న భావం సరిగ్గా ఇదే: వస్తువు అక్కడ ముందునుంచీ ఉంది, అడ్డు తొలగింది, చూపుకు అందింది.

ఇది మనసులో ఉంచుకుంటే వాడుక చాలావరకు దానంతటదే కుదురుతుంది. అడ్డు తొలగడానికి ఎవరో ఒకరు పూనుకోవాలనే నియమం లేదు కనుక, రివీల్‌కు ప్రాణం లేని వస్తువులు కూడా కర్తలుగా నిలుస్తాయి. స్కాన్ ఎముకలోని పగులును రివీల్ చేస్తుంది, ఆడిట్ నివేదిక లెక్కల తేడాను రివీల్ చేస్తుంది, ఒక మనిషి ముఖం అతని ఆందోళనను రివీల్ చేస్తుంది. వీటిలో స్కాన్‌కూ, ముఖానికీ డిస్‌క్లోజ్ అతకదు. సినిమావారు ‘టైటిల్ రివీల్’ అనడం కూడా మూలార్థానికి దగ్గరి వాడుకే, ఎందుకంటే అక్కడ నిజంగానే తెర తీసి చూపడం ఉంది. విగ్రహానికి మనం ‘ఆవిష్కరణ’ అనే చోట రివీల్‌కు చుట్టమైన ‘అన్‌వెయిల్’ సరిపోతుంది.

ఈ క్రియకు మతపరమైన బరువు కూడా ఉంది. బైబిల్ చివరి పుస్తకానికి గ్రీకులో ‘అపోకలిప్సిస్’ అని పేరు, అంటే కప్పు తీయడం. ఇంగ్లిష్‌లో అది ‘రివిలేషన్’ అయింది, తెలుగులో ‘ప్రకటన గ్రంథము’ అయింది. తెలుగు బైబిల్‌లో ఈ భావానికి తరచుగా కనిపించే క్రియ ‘బయలుపరచు’. మరుగులో ఉన్న దాన్ని ఆరుబయటికి తేవడం అనే ఈ మాటలోని ‘బయలు’ను బెంగళూరులో ఉండే మనం కన్నడంలోనూ వింటుంటాం, కర్ణాటక లోపలి మైదాన ప్రాంతానికి ‘బయలుసీమె’ అనే పేరు. ఒక జాగ్రత్త మాత్రం ఇక్కడే చెప్పాలి. అపోకలిప్స్ అనే మాటకు ఈనాడు ప్రళయం అనే అర్థమే స్థిరపడింది, కప్పు తీయడం అనే అర్థంలో దాన్ని వాడితే ఎవరికీ బోధపడదు. కాబట్టి పుట్టుకను దారి చూపేదిగా తీసుకోవాలి, తుది తీర్పును నేటి వాడుకకే వదలాలి.

డిస్‌క్లోజ్ దారి వేరు. లాటిన్ ‘క్లౌదెరె’ అంటే మూయడం. క్లోజ్, క్లోజెట్, ఇన్‌క్లూడ్, ఎక్స్‌క్లూడ్, ఒప్పందాలలోని క్లాజ్ ఇవన్నీ ఆ కుటుంబానివే. దానికి విరుద్ధార్థం ఇచ్చే ‘డిస్’ చేరి, మూసిన దాన్ని తెరవడం అనే భావంతో పాత ఫ్రెంచిలో ఏర్పడిన క్రియ ఇంగ్లిష్‌కు అందింది. షేక్‌స్పియర్ కాలంలో గుడ్డు పగిలి పిల్ల బయటపడటానికి కూడా ఈ మాట వాడేవారు. నేటి వాడుకలో ఆ అర్థం పోయి, తలుపు లోపల ఉన్నవారు తామే గడియ తీయడం అనే భావం మిగిలిందని నేను విద్యార్థులకు చెబుతాను. సమాచారం ఎవరి చేతిలో ఉందో వారే దాన్ని తెలిసి, పూనుకుని, చాలాసార్లు ఒక బాధ్యత కింద బయటపెడతారు. అందుకే చట్టాలు ఈ క్రియనే ఎంచుకున్నాయి. 2005 నాటి సమాచార హక్కు చట్టంలో 8వ సెక్షన్ వెల్లడి నుంచి మినహాయింపుల గురించి చెబుతూ ‘డిస్‌క్లోజర్’ అనే అంటుంది. లిస్టెడ్ కంపెనీల కోసం షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2015లో తెచ్చిన నిబంధనల పేరులోనే ఆ మాట ఉంది. ఇంటర్వ్యూలో ప్రస్తుత జీతం అడిగినప్పుడు చెప్పడం ఇష్టం లేకపోతే ‘ఐ వుడ్ ప్రిఫర్ నాట్ టు డిస్‌క్లోజ్ ఇట్’ అనడం మర్యాదగా, నిబ్బరంగా ఉంటుంది. అక్కడ రివీల్ అంటే జీతమేదో పెద్ద రహస్యమైనట్టు ధ్వనిస్తుంది.

ఇందులో ప్రత్యేకంగా గమనించవలసిన మెలిక ఒకటుంది. ఎన్‌డీఏలో నాన్‌డిస్‌క్లోజర్ అంటే మీరు పాటించవలసిన ధర్మం: కంపెనీ విషయం బయటికి పొక్కనివ్వకూడదు. ఆరోగ్య బీమాలో అదే మాట మీ మీద మోపే తప్పు: షుగర్, బీపీ వంటివి ముందే ఉండి దరఖాస్తులో రాయకపోతే, క్లెయిమ్ తిరస్కరణ లేఖలో కారణంగా కనిపించేది నాన్‌డిస్‌క్లోజరే. ఒకచోట నోరు మెదపకపోవడం బాధ్యత, ఇంకోచోట నోరు విప్పడం బాధ్యత. కాబట్టి ఏ కాగితంలో ఈ మాట కనబడినా, గడియ ఎవరి చేతిలో ఉంది, ఎవరి కోసం తీయాలి లేదా తీయకూడదు అని చూసుకున్న తరువాతే సంతకం పెట్టాలి.

‘వెల్లడించడం’ అనే అర్థంలోనే వినిపించే మరో క్రియ ‘డైవల్జ్’ను గురించి ఎక్కువ చెప్పవలసిన పని లేదు. లాటిన్‌లో ‘వుల్గుస్’ అంటే సామాన్య జనం, వల్గర్ అనే మాట కూడా దాని నుంచే వచ్చింది. గుట్టును నలుగురిలో పడేయడం అనే భావం ఉన్నందున, ఇది ఎక్కువగా ‘చెప్పడానికి నిరాకరించారు’ వంటి వాక్యాలలో కనిపిస్తుంది. ‘టెల్’ మాత్రం ఫ్రెంచి దారిన రాలేదు, పాత ఇంగ్లిష్ సొంత క్రియ. మొదట దానికి లెక్కపెట్టడం అనే అర్థం కూడా ఉండేది. బ్యాంకులో నోట్లు లెక్కించే టెల్లర్‌లోనూ, ఏటీఎం అనే పేరులోని నడిమి అక్షరంలోనూ ఆ అర్థం ఇంకా బతికే ఉంది.

వాక్యం కట్టేటప్పుడు తెలుగు అలవాటు రెండుచోట్ల అడ్డొస్తుంది. ‘నాకు వెల్లడించాడు’ అనే వరసలో ‘హీ రివీల్డ్ మీ ది ప్లాన్’ అని రాస్తుంటారు. టెల్ తరువాత మనిషి నేరుగా రావచ్చు గాని, రివీల్, డిస్‌క్లోజ్, డైవల్జ్ తరువాత రాకూడదు. ‘రివీల్డ్ ది ప్లాన్ టు మీ’ అనాలి. అలాగే ‘గురించి’ అనే మాటను మోసుకొచ్చి ‘డిస్‌క్లోజ్ అబౌట్ ది ఆఫర్’ అనకూడదు, ‘డిస్‌క్లోజ్ ది ఆఫర్’ చాలు. ఉచ్చారణలో డిస్‌క్లోజ్ చివరి ధ్వని మన ‘జ’ కాదు. జ్యోతిలోని ‘జ’ పలికితే తప్పవుతుంది. ‘స’ పలుకుతూ గొంతును మోగనిస్తే సరైన ధ్వని వస్తుంది. రివీల్‌లో ఊనిక రెండో అక్షరం మీద పడాలి.

ఇతర క్రియల పుట్టుకను మీరే వెతుక్కునేటప్పుడు, నిఘంటువులో ఒకే స్పెల్లింగ్‌కు వేర్వేరు పద్దులు ఉన్నాయేమో ముందు చూడండి. ఇల్లు కట్టించేవారు ఆర్కిటెక్ట్ ఇచ్చిన డ్రాయింగ్‌లో కిటికీ దగ్గర ‘రివీల్’ అని చదివి, లోపలిది బయటికి కనబడే భాగమని అనుకుంటారు. కిటికీ చట్రానికీ గోడ ముఖానికీ నడుమ కనిపించే గోడ మందాన్ని అలా పిలుస్తారు. ఆ మాటకు తెరతో సంబంధమే లేదు. దించడం అనే అర్థమున్న వేరొక పాత ఫ్రెంచి క్రియ నుంచి అది వచ్చింది. స్పెల్లింగ్ ఒకటైనంత మాత్రాన మూలం ఒకటని తేల్చకుండా, మీ వాక్యంలోని మాట ఏ పద్దుకు చెందినదో నిర్ణయించుకుని, ఆ పద్దు కింద ఇచ్చిన చరిత్రనే చదవాలి.