నాన్న కాబోతున్న రొయ్యల రైతు: సీడ్ వేసే ముందే సర్దుకోవాల్సినవి

భీమవరం, ఉండి, ఆకివీడు వైపు చెరువులు చేసేవాళ్లకి ఒక నమ్మకం బలంగా ఉంటుంది: నేను గట్టు మీద లేకపోతే పంట పోతుంది. మొదటి బిడ్డ పుట్టగానే ఆ నమ్మకానికి గండి పడుతుంది. ఎందుకంటే రెండుచోట్లా మనిషి కావాల్సింది ఒకే వేళకి. పగలు ఆక్సిజన్ ఇచ్చే ప్లాంక్టన్ (నీళ్లలో తేలే సన్నటి నాచు) రాత్రంతా దాన్నే వాడుకుంటుంది కాబట్టి డీఓ, అంటే నీళ్లలో కరిగిన ఆక్సిజన్, బాగా పడిపోయేది తెల్లవారుజామునే. పసిబిడ్డ రోజుకి ఎనిమిది నుంచి పన్నెండు సార్లు పాలు తాగుతుంది. అందులో ఒకటి రెండు సార్లు ఆ జాములోనే లేస్తుంది.

డాక్టరు పురుడు తేదీ చెప్పగానే క్యాలెండర్ తీయండి. ఆ తేదీకి ముందు మూడు వారాలు, తర్వాత ఆరు వారాలు గీత గీయండి. వనామీ రకం రొయ్యల పంట 90 నుంచి 120 రోజులు. పట్టుబడి, అంటే రొయ్యలు పట్టే రోజు, ఆ గీతల మధ్య పడకుండా స్టాకింగ్ (సీడ్, అంటే రొయ్య పిల్లల్ని చెరువులో వదలడం) తేదీ చూసుకోండి. మొదటి నెలలో మేత తక్కువ, రాత్రి పనీ తక్కువ, కాబట్టి ఆ దశ పురిటితో కలిసినా నెట్టుకురావచ్చు. 70 రోజులు దాటిన చెరువు మాత్రం వద్దు. అందులోనూ అమావాస్య, పౌర్ణమి దగ్గర రొయ్యలు పెంకు విడుస్తాయి, ఆక్సిజన్ ఇంకా ఎక్కువ కావాలి.

అసలు కష్టం అప్పగింతలో ఉంది. చాలామంది పాలేరుకి పని అప్పగిస్తారు కానీ నిర్ణయం అప్పగించరు. రాత్రి మూడింటికి అతను ఫోన్ చేసి "ఏం చేయమంటారండీ?" అన్నాడంటే, మీరు ఇంట్లో పడుకున్నా గట్టు మీద ఉన్నట్టే. షెడ్డు గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించండి: డీఓ 4 కంటే దిగితే ఆపి ఉంచిన ఏరేటర్లన్నీ (నీళ్లలోకి గాలి కలిపే యంత్రాలు) వేయాలి, మేత ఆపాలి. 3 కంటే దిగితేనే ఫోను. కరెంటు పోతే ముందు జనరేటర్, ఆ తర్వాతే ఫోను. మేత వేసిన రెండు గంటలకి చెక్ ట్రేలో (మేత ఎంత తిన్నాయో చూసుకునే పళ్లెం) మేత మిగిలి ఉంటే తర్వాతి పూట తగ్గించాలి. పురిటికి నెల ముందు నుంచే డీఓ మీటరు అతని చేతికిచ్చి, మీరు పక్కన నిలబడి చూడండి. రాత్రికి సరిపడా డీజిల్ ఎప్పుడూ ఉండాలి. జనరేటర్‌ని వారానికోసారి ఏరేటర్ల లోడు మీదే నడపాలి. ఊరికే స్టార్ట్ చేసి ఆపేస్తే అది లోడు లాగుతుందో లేదో తెలియదు. ఇవన్నీ చేసినా చెడగొట్టేది ఒకటుంది. అతను తీసుకున్న నిర్ణయాన్ని నలుగురిలో తప్పుపడితే, మళ్లీ ప్రతిదానికీ ఫోన్ చేస్తాడు.

చెరువు మీరు లేకుండా నడవడం మొదలయ్యాక మనసులో ఒక వెలితి వస్తుంది. దానికి సిద్ధంగా ఉండండి. మొదటి పురుడు ఆవిడ పుట్టింట్లో కాబట్టి అక్కడ మీరు అల్లుడుగారు, కాఫీ ఇచ్చి కూర్చోబెడతారు. ఇక్కడా పని లేదు, అక్కడా లేదు. ఎక్కువమంది ఈ దశలోనే మళ్లీ చెరువుకి పరుగెత్తి, మూడో నెల దాకా బిడ్డకి చుట్టంలా మిగిలిపోతారు. అలా కాకుండా రోజూ చేసే పని ఒకటి పూర్తిగా మీదిగా తీసుకోండి. రాత్రి పాలు తాగాక బిడ్డని ఎత్తుకోవడం మంచి పని. ముందు చేతులు మోచేతుల దాకా సబ్బుతో కడిగి, చెరువు బట్టలు మార్చాలి, బ్లీచింగ్, మందులు వాటికి అంటి ఉంటాయి. భుజాన పాత నూలు చీర ముక్క వేసుకుని, ఒక చెయ్యి మెడ వెనక ఆనించి, రెండో చేత్తో వీపుని కింది నుంచి పైకి నిమరండి. త్రేన్పు రావడానికి కొన్ని నిమిషాలు పడుతుంది, తొందరపడకండి. టీకాల కార్డు కూడా మీ దగ్గరే ఉంచుకోండి: పుట్టినప్పుడు వేసేవి కాక 6, 10, 14 వారాలకి.

వ్యాపారం ఆవిడదే అయితే లెక్క తలకిందులు. ఆత్రేయపురంలో పూతరేకుల ఆర్డర్లు తీసుకునే ఆవిడకి చట్టం చెప్పే 26 వారాల ప్రసూతి సెలవు వర్తించదు, అది ఉద్యోగులకి. కాబట్టి ఆరు నెలల ఇంటి ఖర్చు ముందే పక్కన పెట్టాలి, ఆర్డర్ల ఫోను ఇంకొకరి చేతిలో ఉండాలి. పాలు పిండి ఉంచి వెళ్లాల్సి వస్తే మన ఉక్కపోతలో బయట పెట్టకండి. వెంటనే ఫ్రిజ్‌లో లోపలి వైపు పెడితే నాలుగు రోజులు వాడుకోవచ్చు.

తల్లికైనా తండ్రికైనా దిగులు రెండు వారాలు దాటి ఉంటే, నిద్ర పట్టకపోతే, బిడ్డని చూడాలనిపించకపోతే డాక్టర్ని కలవండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కి తెలుగులోనే మాట్లాడొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు.