సైలెన్సర్ బ్రాకెట్ దగ్గర అల్యూమినియం బాడీ పగిలితే బాగుచేయడం ఎలా?

స్పోర్ట్స్ కారు సైలెన్సర్ బ్రాకెట్ చుట్టూ రేకు పగిలిందంటే, ముందు అనుమానించవలసింది బ్రాకెట్‌లోని రబ్బరును. ఇంజిన్ ఊగినప్పుడల్లా సైలెన్సరూ ఊగుతుంది. ఆ ఊపును మింగవలసిన రబ్బరు వేడికి ఎండి గట్టిపడితే, దెబ్బంతా రేకు మీద పడుతుంది. ఉక్కు ఒక హద్దు లోపు ఊపులను ఎన్నయినా భరిస్తుంది. అల్యూమినియానికి అలాంటి హద్దు లేదు, చిన్న ఊపులు కూడా దాన్ని అలసిపోయేలా చేస్తూనే ఉంటాయి. రబ్బరు మార్చకుండా వెల్డింగ్ చేయిస్తే డబ్బు దండగ.

1. పగిలింది పైరేకా, ఛాసిస్సా?
బండి పూర్తిగా చల్లారాక జాకీతో లేపి, స్టాండ్ల మీద నిలపండి. సైలెన్సర్‌ను చేత్తో ఊపి, అది బాడీకి ఎక్కడ తగులుతోందో చూడండి. తగిలే చోట రేకు మెరుస్తూ ఉంటుంది. పగులు ఛాసిస్‌లో ఉంటే పని అక్కడితో ఆపండి. 1996లో వచ్చిన లోటస్ ఎలిస్‌లాంటి కార్ల ఛాసిస్‌ను జిగురుతో అతికించారు, వెల్డింగ్ వేడికి ఆ జిగురు పాడవుతుంది. అలాంటి పని కంపెనీ వాళ్లకే వదిలేయాలి.

2. పగులు కొస పట్టుకోండి
కంటికి కనిపించే చోటుతో పగులు ఆగిపోదు. రంగు గీకి, పగుళ్లు చూపించే ఎర్రరంగు స్ప్రే కొట్టి, కాసేపాగి తుడిచి, పైన తెల్లపొడి స్ప్రే కొడితే సన్నని ఎర్రగీత తేలుతుంది. ఆ గీత చివర 3 మిల్లీమీటర్ల రంధ్రం వేయండి. పగులు ముందుకు పాకకుండా అది ఆపుతుంది.

3. శుభ్రం చేయడం
ఈ పనిలో సగం ఇదే. అల్యూమినియం సుమారు 660 డిగ్రీల దగ్గర కరుగుతుంది. దాని మీది ఆక్సైడ్ పొర కరగాలంటే 2000 డిగ్రీలు దాటాలి. పొర తీయకపోతే కింద లోహం కరిగి జారిపోతుంది, పైన పొర అలాగే ఉంటుంది. ముందు అసిటోన్‌తో జిడ్డు తుడవాలి, ఆ తర్వాతే స్టెయిన్‌లెస్ స్టీలు బ్రష్‌తో రుద్దాలి. వరుస తారుమారైతే బ్రష్ జిడ్డును లోహంలోకి ఎక్కిస్తుంది. ఇనుము మీద వాడిన బ్రష్ పనికిరాదు. పగులులో చేరిన పొగమసిని కూడా గీకేయాలి. క్లోరిన్ కలిసిన బ్రేక్ క్లీనర్‌ను మాత్రం దరిచేరనివ్వకండి, వెల్డింగ్ వెలుగుకు దాని ఆవిరి విషవాయువుగా మారుతుంది.

4. వెల్డింగ్
బ్యాటరీ తీగలు విప్పండి. రేకు వెనుక ఉన్న శబ్దనిరోధక పట్టీలు తీసేయండి. ఇంధన గొట్టాలు ఎటు పోతున్నాయో చూసుకుని, మంటలార్పే సిలిండర్ పక్కన పెట్టుకోండి. కర్నూలు, అనంతపురం షెడ్లలో ఆర్గాన్ వెల్డింగ్ (కరిగిన లోహానికి గాలి తగలకుండా ఆర్గాన్ వాయువు కప్పుతూ చేసేది) అని అడగండి. అయితే ఇంజిన్ కేసు అతికించడం వేరు, పల్చని రేకు వేరు. అదే మందం ఉన్న తుక్కు రేకు మీద ముందు చేసి చూపించమనండి, మొహమాటపడకండి. వెల్డింగ్ యంత్రాన్ని ఏసీ కరెంటులో (ఆల్టర్నేటింగ్ కరెంటు) పెట్టాలి. కరెంటు మిల్లీమీటరు మందానికి సుమారు 40 ఆంపియర్లు చాలు. అల్యూమినియం రకాలను అంకెల వరుసలతో పిలుస్తారు: 6000 వరుస లోహానికి 4043 రకం కడ్డీ (కరిగించి పగులులో నింపేది), 5000 వరుసకు 5356 రకం కడ్డీ వాడాలి. 6000 వరుసను కడ్డీ లేకుండా కరిగిస్తే చల్లారుతూనే పగులుతుంది. వేడిని లాగడానికి వెనుక రాగిపట్టీ ఆనించి, కొద్దికొద్దిగా వేస్తూ మధ్యలో చల్లారనివ్వాలి.

ఇంకో సంగతి: ఫ్యాన్ ఆపాలి. గాలికి ఆర్గాన్ చెదిరితే వెల్డు నిండా చిల్లులే. మే నెలలో కర్నూలులో ఫ్యాన్ ఆపమంటే ఎవరూ సంతోషించరు కాబట్టి తెల్లవారుజామున పని పెట్టుకోండి. కారే చెమటచుక్క కూడా వెల్డులో బుడగలు పుట్టిస్తుంది.

5. బలం, రంగు
వెల్డు పక్కన లోహం మెత్తబడుతుంది. అందుకే లోపలి వైపు, పగులుకు అన్ని పక్కలా 25 మిల్లీమీటర్లు దాటేలా, అదే మందం ఉన్న అల్యూమినియం పట్టీని అల్యూమినియం రివిట్లతో బిగించడం మంచిది. పైన ఎపాక్సీ ప్రైమర్, తర్వాత రంగు. లప్పం మాత్రం వద్దు, సైలెన్సర్ వేడికి ఊడిపోతుంది. ఉక్కు బోల్టు, అల్యూమినియం నేరుగా తగిలేచోట తడి చేరితే అల్యూమినియం తినేసుకుపోతుంది కనుక మధ్యలో రంగుపూత ఉండాలి.

6. మళ్లీ బిగించడం
కొత్త రబ్బర్లు వేసి, ఇంజిన్ బాగా వేడెక్కాక సైలెన్సర్ ఎక్కడా బాడీకి తగలడం లేదని నిర్ధారించుకోండి. కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక ఎర్రరంగు స్ప్రేతో వెల్డు అంచులు మరోసారి చూడండి. మళ్లీ పగిలితే ముందు పగిలేది అక్కడే.