పైలట్ దారి, ఆ దారి ఊడ్చేవాళ్ళు

బెజవాడలోనో గుంటూరులోనో ఇంటర్ ఎంపీసీ చదివే పిల్లలకు వాయుసేన ఫ్లయింగ్ బ్రాంచికి కావలసిన మ్యాథ్స్, ఫిజిక్స్ ఎలాగూ ఉంటాయి. అవకాశం జారిపోయేది వయసు దగ్గర, కళ్ళ దగ్గర. ఇంటర్‌తో చేరే నేషనల్ డిఫెన్స్ అకాడమీ (ఎన్డీఏ) పరీక్షకు వయసు 16½ నుంచి 19½ ఏళ్ళు. ఇంటర్ రెండో ఏడాది చదువుతూనే రాయొచ్చు. 2021 నుంచి ఆడపిల్లలకూ అవకాశం ఇచ్చారు. ఎంసెట్ (ఇప్పుడు ఈఏపీసెట్) అయ్యాక చూద్దామనుకునేలోపు ఒక పరీక్ష దాటిపోతుంది. డిగ్రీ లేదా బీటెక్ అయ్యాక ఏఎఫ్‌క్యాట్ అనే వాయుసేన ప్రవేశ పరీక్ష దారి ఉంది. దానికి 20 నుంచి 24 ఏళ్ళు. రెండూ ఏడాదికి రెండుసార్లు జరుగుతాయి.

ఫీజు కట్టేముందు టేపు తీయండి. ఎత్తు కనీసం 162.5 సెం.మీ. ఉండాలి. గోడకు వీపు ఆనించి నేల మీద కూర్చుంటే నేల నుంచి నడినెత్తి దాకా 81.5–96, కాళ్ళు చాపితే గోడ నుంచి మడమ దాకా 99–120 రావాలి. కుర్చీలో మోకాలు మడిచి కూర్చుంటే వీపు నుంచి మోకాలి చిప్ప దాకా 64 సెం.మీ. దాటకూడదు. ఈ కొలతలకు కారణం కాక్‌పిట్టే. కాళ్ళు పొట్టివైతే రడ్డర్ పెడల్స్ అందవు. తొడ పొడుగైతే, ప్రమాదంలో పైలట్‌ని బయటికి విసిరే ఎజెక్షన్ సీటు పైకి ఎగిరేటప్పుడు మోకాళ్ళు ముందున్న ప్యానెల్‌కి కొట్టుకుంటాయి. కంటి డాక్టరు దగ్గర దూరపు చూపు, రంగుల చూపు రెండూ పరీక్ష చేయించండి. దూరం ఆనక కళ్ళద్దాలు పెట్టుకునేవారికి ఎన్డీఏ ఫ్లయింగ్ దారి మూసుకున్నట్టే. తొందరపడి లేజర్ చేయించారంటే ఇంకా నష్టం, 20 ఏళ్ళలోపు చేయించుకుంటే పనికిరారు.

ఎన్డీఏ రాతపరీక్షలో మ్యాథ్స్ 300, జనరల్ ఎబిలిటీ 600 మార్కులు. మనవాళ్ళకు మ్యాథ్స్ భయం లేదు, దెబ్బ తగిలేది రెండో పేపర్లో. ఇంగ్లీషుకే 200 మార్కులు ఉన్నాయి, పదో తరగతితో వదిలేసిన చరిత్ర, భూగోళం మళ్ళీ ఎదురొస్తాయి. ఇంకో ముప్పు అలవాటుది. ఎంసెట్‌లో తప్పుకు మార్కు పోదు కాబట్టి తెలియనివాటికి కూడా ఏదో ఒక జవాబు పెట్టేయడం చేతికి అలవాటైపోతుంది. ఇక్కడ మాత్రం ఒక్కో తప్పుకు ఆ ప్రశ్న మార్కులో మూడో వంతు పోతుంది. ఏఎఫ్‌క్యాట్‌లోనూ అంతే, 100 ప్రశ్నలు, ఒప్పుకు 3, తప్పుకు 1 కోత.

తర్వాత మైసూరు, డెహ్రాడూన్, వారణాసి లాంటి చోట్ల వాయుసేన ఎంపిక బోర్డుల్లో అయిదు రోజుల ఎంపిక ఉంటుంది. బట్టీ పట్టిన జవాబులు అక్కడ మొదటి రోజే బయటపడిపోతాయి. ఫ్లయింగ్‌కి అదనంగా కంప్యూటర్ పైలట్ పరీక్ష ఉంది, సీపీఎస్ఎస్ అంటారు. డయళ్ళు చదవాలి, స్టిక్కు, పెడల్స్ ఒకేసారి కదపాలి. ఇది జన్మకొక్కసారే. తప్పితే మళ్ళీ లేదు. అందుకని వెళ్ళేముందే ఎత్తు చూపే ఆల్టిమీటర్, దిక్కు చూపే కంపాస్, విమానం ఎటు వాలిందో చూపే ఆర్టిఫీషియల్ హొరైజన్ బొమ్మలు ముందేసుకుని చదవడం నేర్చుకోండి. నిద్ర చాలక వెళ్ళినవాళ్ళ చేయి, కాలు కలవవు.

ఎన్డీఏ నుంచి వచ్చినవాళ్ళు పుణె దగ్గర ఖడక్‌వాస్లాలోని ఆ అకాడమీలో మూడేళ్ళు ఉండి హైదరాబాద్ పక్కన దుండిగల్‌లోని వాయుసేన అకాడమీకి వస్తారు. ఏఎఫ్‌క్యాట్ వాళ్ళు నేరుగా అక్కడికే. మొదటి విమానం పిలాటస్ పీసీ-7. తొలి రోజుల్లో కడుపులో తిప్పడం మామూలే, చాలామందికి అలవాటైపోతుంది. అసలు వెనకబడేది చెక్‌లిస్టు నోటికి రానివాళ్ళు. మందు ఒకటే: రాత్రి గదిలో కుర్చీలో కూర్చుని, కళ్ళు మూసుకుని, ఏ స్విచ్ ఎక్కడుందో చెయ్యి పెడుతూ సార్టీ (ఒక విడత విమాన ప్రయాణం) మొత్తం నోటితో చెప్పుకోవడం. చెయిర్ ఫ్లయింగ్ అంటారు. ఆ తర్వాత ఫైటర్, ట్రాన్స్‌పోర్ట్, హెలికాప్టర్ దారులు చీలతాయి. ఫైటర్‌కి వెళ్ళినవాళ్ళు బీదర్‌లో హాక్ అనే శిక్షణ జెట్ మీద నేర్చుకుంటారు.

కేడెట్ విమానం దగ్గరకు రాకముందే అక్కడ చాలామంది పని పూర్తయి ఉంటుంది. ఇంజిన్ ఫిట్టర్, ఎయిర్‌ఫ్రేమ్ ఫిట్టర్, ఎలక్ట్రికల్ ఫిట్టర్ ఎవరి భాగం వాళ్ళు చూసి, ఫారం-700 అనే విమాన నిర్వహణ పుస్తకంలో సంతకం పెడతారు. పైలట్ ఆ పుస్తకం చదివి, తనూ సంతకం పెట్టాకే ఎక్కుతాడు. పని ముగిశాక పనిముట్లు లెక్కపెడతారు. ఒక్క స్పానర్ తగ్గినా అది దొరికేదాకా విమానం కదలదు. తలకిందులుగా ఎగిరేటప్పుడు ఆ స్పానర్ జారి కంట్రోల్ తీగల్లో ఇరుక్కుంటే స్టిక్కు కదలదు మరి. రన్‌వే మీది గులకరాయి కూడా అంతే ప్రమాదం, ఇంజిన్ దాన్ని లోపలికి పీల్చుకుంటుంది. 2024 మార్చిలో అద్దంకి దగ్గర జాతీయ రహదారి-16 మీది 4.1 కిలోమీటర్ల అత్యవసర రన్‌వేపై వాయుసేన ట్రయల్ చేసినప్పుడు మన కళ్ళన్నీ సుఖోయ్ యుద్ధవిమానం మీదే ఉన్నాయి. అలాంటి చోట విమానం రావాలంటే ముందు రోడ్డు రాయి లేకుండా ఊడవాలి, గేదెలు రాకుండా కాపలా ఉండాలి.

ఈ పనివాళ్ళలో రిటైరైనవాళ్ళు మన జిల్లాల్లోనే ఉంటారు. అక్టోబరు 8 వాయుసేన దినం నాడు కాలేజీలో సన్మానం చేయాలనుకుంటే నెల ముందే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడగండి. వాళ్ళ ద్వారానే ఆహ్వానం పంపండి. ర్యాంకు, ట్రేడ్ (చేసిన పని), పనిచేసిన ఏళ్ళు రాసివ్వమని అడిగి, మెమెంటో మీద అవే వేయించండి. ఎక్కువ పొరపాట్లు ఇక్కడే జరుగుతాయి. ఇంజిన్ ఫిట్టర్‌గా చేసిన వారెంట్ ఆఫీసర్‌ని మైకులో "పైలట్ గారు" అంటారు. లేదా "జవాను" అంటారు, అది ఆర్మీ మాట, వాయుసేనలో ఎయిర్‌మన్. ఆయన భార్యనూ వేదిక మీదికి పిలవండి. బదిలీ వచ్చిన ప్రతిసారీ సామాను సర్దుకుని, పిల్లలకు కొత్త బడి వెతికింది ఆవిడే. శాలువా ఒకటి చాలు, దండలు ఎక్కువైతే మాట్లాడే టైము పోతుంది. అతిథుల ప్రసంగాలు పది నిమిషాలకు కట్టేసి, విద్యార్థులకు అరగంట వదలండి. ఏ బేస్‌లో ఎన్ని విమానాలున్నాయి లాంటివి అడగొద్దని ముందే చెప్పండి. పనిముట్ల లెక్క తగ్గిన రోజు ఏం చేసేవారో అడగమనండి.